జి.పి. రోడ్డు నుంచి పుదుప్పేట దాకా: పాత బండికి కొత్త బ్రేకు

ఊరి నుంచి చుట్టాలు వస్తే చెన్నైలో మనం చూపించే జాబితా ఒకటి ఉంటుంది. మెరీనా, మైలాపూరు గుడి, టి.నగర్ చీరల కొట్లు, ఓపిక మిగిలితే మహాబలిపురం. ఈ జాబితాలోకి ఎన్నడూ ఎక్కని రెండు వీధుల గురించి ఈసారి రాయాలనిపించింది. ఒకటి మౌంట్‌రోడ్డు నుంచి రాయపేట వైపు వెళ్లే జనరల్ ప్యాటర్స్ రోడ్డు. అందరూ జి.పి. రోడ్డు అనే అంటారు. రెండోది కూవం అవతల, ఎగ్మూరుకు ఆనుకుని ఉన్న పుదుప్పేట. మొదటిది మోటారు బండ్ల కొత్త సామానుకు పేరు పడింది, రెండోది పాత సామానుకు. రెంటికీ మధ్య నడిచి వెళ్లగలిగే దూరమే. కానీ ఒక వస్తువు కొత్తది కొనాలా, పాతది కొనాలా అనే ప్రశ్న తల మీద పెట్టుకుని నడిస్తే ఆ దూరం చాలా పెద్దదవుతుంది.

నా చేతిలో ఉన్న ప్రశ్న ఒక బ్రేకు. బండి హీరో హోండా సి.బి.జెడ్. ఆ మోడల్ 1999లో వచ్చింది, నేను 2000లో కొన్నాను. 156.8 సి.సి. ఇంజను, ముందు చక్రానికి 240 మిల్లీమీటర్ల డిస్క్ బ్రేకు, వెనక డ్రమ్ము. ఆ రోజుల్లో మన వీధుల్లో తిరిగే మోటారు సైకిళ్లలో ఎక్కువ భాగం రెండు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులతోనే తిరిగేవి. ముందు చక్రం పక్కన తళతళలాడే ఆ ఉక్కు పళ్లాన్ని చూడటానికి మా కాలనీ పిల్లలు గుమిగూడేవారు. తరువాత కంపెనీలో భాగస్వాములు విడిపోయారు, 2011లో కంపెనీ పేరే మారిపోయింది. బండి మాత్రం మా ఇంటి వసారాలో ఉండిపోయింది. లెక్కల పుస్తకం ప్రకారం చూస్తే దాని విలువ ఏనాడో సున్నా.

ఆ సున్నాకు ఈ మధ్య మళ్లీ విలువ వచ్చింది. మా అమ్మాయికి పాత మహాబలిపురం రోడ్డులో ఉద్యోగం. "నాన్నా, స్కూటరు వద్దు, మన సి.బి.జెడ్.నే నడుపుతాను" అంది. వాళ్లమ్మ ఒప్పుకోలేదు. "పాతికేళ్ల బండి మీద పిల్లని పంపిస్తారా? అమ్మేసి ఆ డబ్బుకి ఇంకో నాలుగు వేసి కొత్తది కొనివ్వండి" అని పట్టుబట్టింది. చివరికి ఒక ఒప్పందం కుదిరింది. బ్రేకు నమ్మదగినదని మేస్త్రీ చెప్పాలి, రిజిస్ట్రేషను రెన్యువల్ కావాలి. ఈ రెండూ అయితే బండి అమ్మాయిది, ఏ ఒక్కటి కాకపోయినా బండి అమ్మకానికి. మన దేశంలో సొంత వాహనానికి రిజిస్ట్రేషను మొదట 15 ఏళ్లు చెల్లుతుంది, ఆ తరువాత అయిదేసి ఏళ్లకు పొడిగించుకోవాలి. 2000 నాటి బండి కనుక 2015లో ఒకసారి, 2020లో ఒకసారి అయ్యాయి. ఇది మూడోసారి.

మా మేస్త్రీది నెల్లూరు వైపు కుటుంబం. తాతగారి నాటికే మద్రాసు వచ్చేశారు. ఆయన తెలుగులో క్రియలు మనవి, నామవాచకాలు తమిళానివి. బండిని స్టాండు వేసి, ముందు చక్రం పైకెత్తి, చేత్తో తిప్పుతూ బ్రేకు కొద్దిగా పట్టాడు. చక్రం ఒక చోట సులువుగా తిరుగుతోంది, ఒక చోట బిగుస్తోంది. "చూశారా సార్, లివర్ చేతికి తంతా ఉండేది ఇందుకే. డిస్క్ మందం అన్ని చోట్లా ఒకటిగా లేదు" అన్నాడు.

అప్పుడు మైక్రోమీటరు తీశాడు. వెర్నియర్ ఎందుకు వాడలేదని అడిగాను. పాత డిస్క్‌కు ప్యాడ్లు రాసుకునే చోటు అరుగుతుంది, బయటి అంచు అరగకుండా గట్టులా నిలబడుతుంది. వెర్నియర్ దవడ ఆ గట్టు మీద కూర్చుంటే ఎక్కువ మందం చూపిస్తుంది, మనం సంతోషపడిపోతాం. మైక్రోమీటరు మొన గట్టు దాటి లోపలి అరుగుదలను తాకుతుంది. ఆయన డిస్క్ చుట్టూ ఎనిమిది చోట్ల కొలిచి కాగితం మీద రాశాడు. ఎనిమిదింటిలో అయిదు 3.5 మి.మీ. కన్నా తక్కువ.

ఈ 3.5 అనే సంఖ్య ఎక్కడిదో చెప్పాలి. మోటారు సైకిల్ డిస్క్ మీదే చిన్న అక్షరాలతో కనీస మందం చెక్కి ఉంటుంది. 'మిన్ టి.హెచ్.' అని ఉన్న చోట వెతకాలి. ఈ తరగతి బండ్లలో కొత్త డిస్క్ 4 మి.మీ. ఉండి, 3.5 దగ్గర దాని ఆయుష్షు తీరిపోవడం సాధారణం. అంటే డిస్క్ జీవితమంతా అర మిల్లీమీటరు. మన జేబులోని ఏ.టి.ఎం. కార్డు మందం 0.76 మి.మీ. ఉంటుంది. ఏళ్ల తరబడి మనల్ని ఆపే ఉక్కులో మనం ఖర్చు పెట్టుకోగలిగింది ఆ కార్డు మందం కూడా లేదు. ఆ గీత దాటితే ఏమవుతుంది? పలచబడ్డ పళ్లెం త్వరగా వేడెక్కుతుంది, వంకరపోతుంది, పగుళ్లు రావచ్చు. ప్యాడ్లను నెట్టే పిస్టను మామూలు కన్నా ఎక్కువ దూరం బయటికి రావలసి వస్తుంది.

లేత్ పట్టించి చదును చేయించకూడదా అని చాలామంది అడుగుతారు. కారు డిస్క్‌కు చేస్తారు, నిజమే, దానికి మందం ఎక్కువ. మోటారు సైకిల్ డిస్క్‌కు లెక్క వేయండి. ఒక్కో వైపు 0.2 తీసినా మొత్తం 0.4 పోయింది. 4 మి.మీ. కొత్త డిస్క్‌లోంచి తీసినా 3.6 మిగులుతుంది. వాడిన డిస్క్ అయితే తిన్నగా హద్దు కిందికే. తక్కువ ఖర్చులో పని అయిందనిపిస్తుంది కానీ, ఉన్న కాస్త మూలధనాన్ని ఒక్క రోజులో ఖర్చు చేసినట్టు.

ముందు బ్రేకు మీద ఇంత చర్చ ఎందుకంటే, గట్టిగా బ్రేకు వేసినప్పుడు బండి బరువు ముందు చక్రం మీదికి ఒరుగుతుంది, వెనక చక్రం తేలికవుతుంది. ఆపే పనిలో మూడింట రెండు వంతులకు పైగా ముందు బ్రేకే చేస్తుంది. వేగం రెట్టింపైతే బండిలోని శక్తి నాలుగు రెట్లవుతుంది. ఆ శక్తి అంతా వేడిగా మారి ఆ పలచటి పళ్లెంలోకే పోవాలి. పొడి రోడ్డు మీద మంచి బ్రేకుతో గంటకు 40 కిలోమీటర్ల వేగం నుంచి సుమారు 12 మీటర్లలో ఆగే బండి, 60 నుంచి ఆగడానికి సుమారు 28 మీటర్లు తీసుకుంటుంది. ప్రమాదం చూసి చెయ్యి బిగించేలోపు గడిచే ఒక్క సెకనులో 60 మీద ఉన్న బండి మరో 16, 17 మీటర్లు వెళ్లిపోతుంది. పాత మహాబలిపురం రోడ్డులో వాటర్ లారీ వెనక వెళ్లిన వారెవరికైనా ఆ మీటర్ల విలువ తెలుసు.

ఇక బజారు. రెండో శనివారం బ్యాంకుకు సెలవు కనుక పొద్దున్నే బయల్దేరాను. 2019లో మెట్రో రైలు మౌంట్‌రోడ్డు కిందుగా నడవడం మొదలయ్యాక ఈ ప్రయాణం సులువైంది. ఎల్.ఐ.సి. స్టేషనులో దిగి పైకి వస్తే, 1959లో తెరిచిన ఆ పాత భవనం కనిపిస్తుంది. ఒకప్పుడు ఊరి నుంచి వచ్చిన వాళ్లు మెడ వెనక్కి వంచి దాని అంతస్తులు లెక్కపెట్టుకునేవారు. అక్కడి నుంచి జి.పి. రోడ్డు దగ్గరే. మన పెద్దవాళ్లకు ఈ రోడ్డు సినిమాల రోడ్డు. ఇక్కడి మిడ్‌లాండ్ థియేటరు తరువాతి కాలంలో మన రాజమండ్రి జయప్రద పేరు పెట్టుకుంది. ఇప్పుడు ఈ రోడ్డు మీద నడిస్తే క్లచ్ ప్లేట్లు, బేరింగులు, హెల్మెట్లు, సీటు కవర్లు తోరణాల్లా వేలాడుతుంటాయి. ఒక్కో కొట్టు పది అడుగుల వెడల్పు, లోపలికి ఎంత పొడుగుందో బయటివాడికి తెలియదు. కౌంటరు దగ్గర కుర్రవాడు పేరు చెప్పగానే వెనక్కి తిరిగి అరుస్తాడు, ఎక్కడో అటక మీది నుంచి అట్టపెట్టె కిందికి జారుతుంది.

ఇక్కడ ముందుగా అడిగే ప్రశ్న "ఒరిజినలా, లోకలా?" అని. ఈ రెండు మాటల మధ్య నిజానికి మూడు రకాలున్నాయి. బండి కంపెనీ ముద్రతో వచ్చేది ఒకటి. బ్రేకులు, ప్యాడ్లు తయారు చేయడమే వృత్తిగా ఉన్న పేరున్న కంపెనీలు సొంత పేరుతో అమ్మేది రెండోది. ఏ పేరూ లేని ప్లాస్టిక్ సంచీలో వచ్చేది మూడోది. మొదటిదాన్ని అనుకరించే నకిలీ కూడా ఒకటుంది, దాన్ని రకంగా లెక్కపెట్టనక్కర్లేదు. పెట్టె మీద పార్టు నంబరు, తయారైన నెల, గరిష్ఠ ధర, చెదరని సీలు చూసుకోవాలి. అన్నిటికన్నా ముఖ్యం జి.ఎస్.టి. బిల్లు. బిల్లు ఇవ్వనన్నవాడి దగ్గర బ్రేకు సామాను కొనడం, రసీదు లేకుండా డిపాజిట్టు చేయడం ఒకటే.

పాత మోడల్ గనుక మొదటి రకం నాకు దొరకలేదు. రెండో రకం మూడో కొట్టులో దొరికింది. కొట్టాయన "సి.బి.జెడ్.కి ఇదే సార్" అని పెట్టె తెరవబోయాడు. ఇక్కడ పాత బండ్లవాళ్లు గుర్తుంచుకోవలసింది ఒకటుంది. ఒకే పేరుతో వేరువేరు ఏళ్లలో వేరువేరు బండ్లు వస్తాయి. సి.బి.జెడ్. అనే పేరుకు తరువాత ఎక్స్‌ట్రీమ్ అని తోక తగిలించి ఇంకో బండి వచ్చింది. బయటి కొలత 240 అయినంత మాత్రాన సరిపోదు. మధ్య రంధ్రం కొలత, బోల్టుల సంఖ్య, బోల్టుల వృత్తం కొలత, హబ్బు నుంచి డిస్క్ ఎంత బయటికి కూర్చుంటుందనే ఎడం, ఇవన్నీ కలవాలి. ఎడం రెండు మిల్లీమీటర్లు తేడా వచ్చినా డిస్క్ క్యాలిపర్ మధ్యలో నిలవదు. అందుకే మేస్త్రీ పాత డిస్క్ ఊడదీసి సంచీలో పెట్టి నాతో పంపాడు. కౌంటరు అద్దం మీద రెండు పళ్లేలనూ ఒకదాని మీద ఒకటి పెట్టి బోల్టులు దూర్చి చూశాం. మైక్రోమీటరు కొట్టులోనే ఉంది. చుట్టూ 4 మి.మీ. వచ్చింది. చెక్కిన కనీస మందం కనబడింది. ధర విన్నాక, ఆలోచించి వస్తానని చెప్పి బయటపడ్డాను.

ఎందుకంటే పుదుప్పేట ఇంకా మిగిలి ఉంది.

మౌంట్‌రోడ్డు దాటి, కూవం మీది హ్యారిస్ వంతెన ఎక్కి దిగితే పుదుప్పేట. హ్యారిస్ రోడ్డుకు ఇప్పుడు ఆదిత్తనార్ సాలై అని పేరు. వంతెన మీద ఆగి చూస్తే (ముక్కు మూసుకునే చూడాలి) కూవం ఒక మెలిక తిరిగి చింతాద్రిపేటను ఒడిలో పెట్టుకుని వెళ్లడం తెలుస్తుంది. ఆ మెలికలో ఒకప్పుడు కంపెనీ వర్తకుడు సుంకురామచెట్టి తోట ఉండేది. పేరు మన చెవికి కొత్త కాదు. 1734లో గవర్నరు జార్జ్ మోర్టన్ పిట్ ఆ తోట స్థలంలో నేతగాళ్లకు ఇళ్లు వేయించాడు. చిన్న తరి పేట, అంటే చిన్న మగ్గాల పేట, అదే చింతాద్రిపేట అయింది. మగ్గాలు పోయాయి, పేరు మిగిలింది. కూవం ఇవతలి ఒడ్డున పుదుప్పేట ఇంజన్లు విప్పి బతుకుతోంది.

2006లో సెల్వరాఘవన్ తీసిన తమిళ సినిమా ఒకటి ఈ పేట పేరుతోనే వచ్చింది. అది చూసినవాళ్లు ఇక్కడికి రావడానికి భయపడతారు. నిజానికి పొద్దున పదింటికి పుదుప్పేట ఒక పెద్ద వర్క్‌షాపులా ఉంటుంది. కారు తలుపులు పుస్తకాల్లా నిలబెట్టి ఉంటాయి. హెడ్‌లైట్లు గుట్టలుగా మన వైపే చూస్తుంటాయి. గేరుబాక్సులు నూనె కారుతూ పేవ్‌మెంటు మీద కూర్చుంటాయి. పాత ఇనుప సామాను కొట్టును ఈ ఊళ్లో కాయలాన్ కడై అంటారు. కాయల్‌పట్నం నుంచి వచ్చినవాళ్లు ఈ వ్యాపారం చేయడం వల్ల ఆ పేరు వచ్చిందని చెబుతారు. కొట్టాయన చూపు మన ముఖం మీద కాకుండా చేతిలోని సంచీ మీద పడుతుంది. సంచీలోని డిస్క్ చూసి, నేనేమీ అడగకుండానే బండి పేరు చెప్పిన మనిషిని అక్కడే చూశాను.

ఆయన లోపలికి వెళ్లి నాలుగు పాత డిస్క్‌లు తెచ్చాడు. ధర కొత్తదానిలో నాలుగో వంతు కూడా లేదు. అందులో ఒకటి చూడటానికి బాగుంది, గీతలు లేవు, తుప్పు లేదు. నేను మైక్రోమీటరు అడిగితే నవ్వి, పక్క కొట్టు నుంచి తెప్పించాడు. 3.6 వచ్చింది. హద్దుకు 0.1 మాత్రమే పైన. కొత్త డిస్క్‌కు హద్దు దాకా 0.5 ఉంటుంది, దీనికి 0.1. అంటే నాలుగో వంతు ధరకు అయిదో వంతు ఆయుష్షు. లెక్క ప్రకారమే ఇది చవక కాదు. పైగా ఆ డిస్క్ ఏ ప్రమాదంలో పడ్డ బండిదో, ఎంత వంగి ఉందో కొలమానం మీద తెలియదు. వంకర తెలియాలంటే చక్రానికి బిగించి డయల్ గేజీతో చూడాలి. ఇలాంటి బండ్లకు 0.3 మి.మీ. దాటిన వంకర పనికిరాదంటారు.

బండి ఎవరు నడుపుతారని అడిగాడు. మా అమ్మాయని చెప్పాను. ఆయన డిస్క్ నా చేతిలోంచి మెల్లగా తీసుకుని మళ్లీ గుట్టలో పెట్టేశాడు. "పాప నడిపే బండికి బ్రేకు జి.పి. రోడ్డులో కొనండి సార్. నా దగ్గర మీకు కావలసినవి వేరే ఉంటాయి" అన్నాడు. ఉన్నాయి కూడా. పాతికేళ్లుగా విరిగిపోయి తీగతో కట్టుకున్న పక్క ప్యానెల్‌కు అదే రంగు జత దొరికింది, స్పీడోమీటరు అద్దం దొరికింది. పుదుప్పేటలో ఏది కొనవచ్చో, ఏది కొనకూడదో అప్పుడు తేలిపోయింది. అరిగినా మనిషి ప్రాణం మీదికి రానివి, కొత్తగా ఎక్కడా దొరకనివి అయితే ఇక్కడ వెతకాలి. అరిగిపోవడమే పనిగా పెట్టుకున్న వస్తువును, అందులోనూ బ్రేకును, ఇంకొకరు అరగదీశాక కొనకూడదు.

తిరిగి జి.పి. రోడ్డుకు వెళ్లి కొత్త డిస్క్ తీసుకున్నాను. ఇక ప్యాడ్లు. ప్యాడ్లలో స్థూలంగా మూడు రకాలు. రెసిన్‌తో నారపదార్థాలు కలిపి అతికించేవి ఆర్గానిక్. వాటిలో లోహపు పొడి కలిపితే సెమీ మెటాలిక్. లోహపు పొడిని వేడి మీద ఒత్తిడితో ముద్ద కట్టించేవి సింటర్డ్. కొట్లో కుర్రవాడు ఖరీదైనవి కదా అని సింటర్డ్ చూపించాడు. వానలో, పెద్ద వేగంలో, కొండ దారుల్లో అవి బాగా పని చేస్తాయి. కానీ డిస్క్‌ను ఎక్కువ అరగదీస్తాయి, క్యాలిపర్‌లోకి వేడి ఎక్కువ పంపుతాయి. ఆర్గానిక్ ప్యాడ్లతో రూపొందిన పాత బండికి, ఊళ్లో యాభై దాటని ప్రయాణానికి, ఆర్గానిక్ లేదా సెమీ మెటాలిక్ చాలు. అవి చల్లగా ఉన్నప్పుడు కూడా వెంటనే పట్టుకుంటాయి, సిగ్నలు సిగ్నలుకూ ఆగే ఊరికి కావలసింది అదే. ఖరీదు ఎక్కువైనది మన పనికి ఎక్కువ మంచిదని అనుకోవడానికి లేదు. పెట్టె మీద ఆస్బెస్టాస్ లేదని రాసి ఉందో లేదో కూడా చూసుకోవాలి.

ఇంకొక మాట. కొత్త డిస్క్‌కు పాత ప్యాడ్లు వేయకూడదు. పాత ప్యాడ్ల ముఖం పాత డిస్క్ గీతలకు అచ్చులా అరిగి ఉంటుంది, కొత్త డిస్క్ మీద అక్కడక్కడ మాత్రమే ఆనుతుంది. దీనికి ఎదురుగా, డిస్క్ మందం హద్దుకు పైన ఉండి, లోతైన గీతలు లేకపోతే కొత్త ప్యాడ్లు మాత్రం వేసుకోవచ్చు.

చెన్నైకి బ్రేకులతో పాత బంధం ఉంది. 1962లో మొదలైన బ్రేక్స్ ఇండియా పాడిలో పుట్టిందే. పాడి, అంబత్తూరు ఫ్యాక్టరీలకు షిఫ్టు డ్యూటీలకు వెళ్లిన తెలుగు ఇళ్లు మన సంఘంలోనే ఎన్నో ఉన్నాయి. అందుకే ఇక్కడి మేస్త్రీలకు బ్రేకు విషయంలో తెలిసింది ఎక్కువ, ఓపిక తక్కువ. మా మేస్త్రీకి రెండూ ఉన్నాయి. ఆయన పని చేసిన వరుస రాస్తాను, ఎవరింట్లోనైనా పనికి వస్తుంది.

ముందు క్యాలిపర్ విప్పి, బ్రేకు దుమ్మును గాలి కొట్టకుండా తడిబట్టతో తుడిచాడు. పాత ప్యాడ్ల దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోకూడదు. క్యాలిపర్ జారే పిన్నులు బిగుసుకుపోయి ఉంటే రెండు ప్యాడ్లలో ఒకటి మాత్రమే అరుగుతుంది. ఆ పిన్నులు శుభ్రం చేసి, బ్రేకులకు తగిన సిలికాన్ గ్రీజు పెట్టి, చిరిగిన రబ్బరు టోపీలు మార్చాడు. రబ్బరుకు పెట్రోలు, కిరోసిను తగలనివ్వలేదు, తగిలితే ఉబ్బిపోతుంది. హబ్బు మీద డిస్క్ కూర్చునే చోట తుప్పంతా గీకాడు. అక్కడ ఒక తుప్పు పొలుసు మిగిలినా కొత్త డిస్క్ కూడా వంకరగా తిరుగుతుంది. బోల్టులు కొత్తవి వేసి, మరకు లాక్ చేసే మందు రాసి, ఒకదాని తరువాత దాని ఎదుటిది బిగించాడు. కొత్త డిస్క్ మీద తుప్పు పట్టకుండా పూసే నూనెను బ్రేకు క్లీనరుతో పూర్తిగా తుడిచాకే ప్యాడ్లు పెట్టాడు.

తరువాత రబ్బరు గొట్టం. లివర్ మెత్తగా ఉంటే అందరూ గాలి ఉందంటారు. ఇన్నేళ్ల గొట్టం లోపల ఉబ్బుతుంటే గాలి తీసినా లివర్ గట్టిపడదు. గొట్టం మార్చాడు. బ్రేకు ఆయిల్ విషయంలో ట్యాంకు మూత మీద రాసిందే మాట. డాట్ 3, డాట్ 4 ఒకే జాతివి. కొత్త డాట్ 3 కనీసం 205 డిగ్రీల దాకా, డాట్ 4 కనీసం 230 దాకా మరగకుండా ఉండాలి. గాలిలోని తేమ పీల్చుకున్నాక ఆ హద్దులు 140కి, 155కి పడిపోతాయి. ఆయిల్ మరిగితే ఆవిరి బుడగలు పుట్టి లివర్ హ్యాండిల్ దాకా వచ్చేస్తుంది, బండి ఆగదు. అందుకే రెండేళ్లకొకసారి మార్చాలి. సముద్రపు తేమ ఉన్న చెన్నైలో దీన్ని వాయిదా వేయకూడదు. డాట్ 5 అనేది సిలికాన్ ఆయిల్, దాన్ని వీటిలో కలపకూడదు. ఇది పెయింటు మీద పడితే పెయింటు లేచిపోతుంది కనుక ట్యాంకు మీద తడిగుడ్డ కప్పి పని చేశాడు.

అంతా అయ్యాక బండి కదపకముందే లివర్‌ను పదిసార్లు నొక్కాడు. పిస్టన్లను వెనక్కి నెట్టి ప్యాడ్లు పెట్టాక మొదటి నొక్కులో లివర్ ఖాళీగా పోతుంది. అది తెలియక రోడ్డెక్కితే మొదటి మలుపులోనే బ్రేకు ఉండదు. ఇంట్లో సొంతంగా ప్యాడ్లు మార్చుకునే కుర్రవాళ్లకు ఈ ఒక్క మాట తప్పక చెప్పాలి.

కొత్త ప్యాడ్లు, డిస్క్ ఒకదానికొకటి కుదురుకోవడానికి కొంత దూరం పడుతుంది. మొదటి 150, 200 కిలోమీటర్లు మెల్లగా, పలుమార్లు, నెమ్మదైన బ్రేకుతో నడపాలి. అవసరం పడితే తప్ప గట్టిగా పట్టకూడదు. ఆ దూరం నేనే నడిపాను. ఆదివారాలు తెల్లవారుజామున బీచి రోడ్డులో, ఇరవై ఇరవై అయిదు చోట్ల వేగం తగ్గించుకుంటూ తిరిగాను. వాకింగుకు వచ్చినవాళ్లు ఈ పెద్దాయన కేమైందని చూశారు. మూడో ఆదివారానికి లివర్ కిందికి రెండు వేళ్లు చాలాయి, తన్నడం ఆగింది.

రెన్యువల్ పరీక్షలో ఇన్‌స్పెక్టరు బండి నడిపి చూసి, బ్రేకు పట్టి, "ముందు బ్రేకు కొత్తదా?" అని అడిగి సంతకం పెట్టారు. ఇంట్లో ఆ కాగితం చూపించాను. మా శ్రీమతి కాగితం చదివి, వసారాలోకి వెళ్లి, తానే లివర్ నొక్కి చూసింది. "సరే, కానీ వానలో వద్దు" అంది. అందులో న్యాయముంది. 2019 ఏప్రిల్ నుంచి 125 సి.సి. దాటి అమ్మే ప్రతి కొత్త మోటారు సైకిల్‌కూ చక్రం జారకుండా కాపాడే ఏ.బి.ఎస్. తప్పనిసరి. మన పాత బండికి అది లేదు. తడి రోడ్డు మీద ముందు చక్రం బిగుసుకుంటే డిస్క్ ఎంత కొత్తదైనా పడేస్తుంది. అమ్మాయికి ముందు బ్రేకు ఒక్కసారిగా కాకుండా పిండినట్టుగా పట్టడం, వెనక బ్రేకు కలిపి వాడటం నేర్పాక, వాన రోజుల్లో మెట్రో, బస్సు అని మాట తీసుకున్నాం. ఇప్పుడు వారానికి నాలుగు రోజులు బండి వెళ్లి వస్తోంది.

ఆయుధపూజకు ఈ ఊళ్లో బండ్లన్నీ కడిగి, చందనం, కుంకుమ పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కిస్తాం. ఆ రోజు చెయ్యి ఎలాగూ బండి మీద పడుతుంది కనుక, పూజకు ముందే క్యాలిపర్ సందులోంచి టార్చి వేసి ప్యాడ్ల మందం చూడండి. ప్యాడ్ మీద అరుగుదల తెలిపే గాడి ఉంటుంది, అది మాయమైతే మార్చాలి. ట్యాంకు కిటికీలో ఆయిల్ కింది గీతకు పైన ఉందో లేదో, టీ రంగులోకి మారిందో లేదో చూడండి. చందనం హ్యాండిల్‌కు, హెడ్‌లైటుకు, ట్యాంకుకు ఎంతైనా పెట్టుకోవచ్చు. డిస్క్‌కు మాత్రం పెట్టకండి. ఆ పళ్లేనికి చందనం, నూనె, మైనం ఏవీ తగలకూడదు.